పాత కారు ఇంజన్: నలుగురూ తప్పనే కొన్ని సలహాలు

కారు మీటరు రెండు లక్షలు దాటిందని తెలిస్తే చాలు, చుట్టూ ఉన్నవాళ్ళంతా సలహాదారులైపోతారు. "అమ్మేయండి బావా, ఇప్పుడైతే ఎంతోకొంత వస్తుంది" అంటాడు బావమరిది. "ఇంజన్ పనికి వచ్చేసింది సార్, దించేద్దాం" అంటాడు షెడ్డు మేస్త్రి. ఆఫీసులో పక్క సీటాయన తన కొత్త కారు ఈఎంఐ ఎంతో చెప్పి, అదేమంత భారం కాదంటాడు. ముగ్గురూ మన మంచి కోరేవాళ్ళే. అయినా ముగ్గురి మాటా వినొద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను చెప్పేవి చాలామందికి అడ్డం తిరిగిన సలహాల్లాగే వినిపిస్తాయి. మీటరు చూడొద్దంటాను. ఆయిల్ తాగుతున్నంత మాత్రాన ఇంజన్ విప్పొద్దంటాను. విప్పక తప్పని రోజు వస్తే మాత్రం, ఆ కారుకి బజార్లో వచ్చే ధర కంటే ఎక్కువైనా సరే ఖర్చు పెట్టమంటాను. మన ఊళ్ళలో బాగా నడిచే అవకాశం ఉండి కూడా తుక్కుకి వెళ్ళిపోతున్న ఇంజన్లు చాలా ఉన్నాయి. వాటిని చూస్తే నాకు బాధేస్తుంది. ఎందుకో ఒక్కొక్కటిగా చెప్తాను.

మీటరుని పక్కన పెట్టండి

ఇంజన్ అరుగుదలకి కిలోమీటరు సరైన కొలత కాదు. చక్రాలు ఎంత దూరం తిరిగాయో మీటరు చెప్తుంది గానీ, ఇంజన్ ఎన్ని గంటలు నడిచిందో, ఎన్నిసార్లు చల్లగా ఉండగా స్టార్టయిందో చెప్పదు. హైదరాబాద్–విజయవాడ హైవే మీద తిరిగే టాక్సీ సగటున గంటకి 60 వెళ్తుందనుకుంటే, 3 లక్షల కిలోమీటర్లకి ఇంజన్ 5,000 గంటలు పనిచేసినట్టు. అమీర్‌పేట, పంజగుట్ట ట్రాఫిక్‌లో గంటకి 20 చొప్పున నడిచే సొంత కారు 1 లక్షా 20 వేలకే 6,000 గంటలు పూర్తిచేస్తుంది. అమ్మకానికి పెడితే మాత్రం ఈ రెండోదాన్నే "తక్కువ తిరిగిన బండి" అంటారు.

గంటల కంటే పెద్ద తేడా స్టార్టింగ్ దగ్గరుంది. రాత్రంతా ఆగిన కారులో ఆయిల్ దాదాపు మొత్తం కింద సంపులోకి జారిపోయి ఉంటుంది. పొద్దున తాళం తిప్పిన మొదటి క్షణాల్లో బేరింగులకీ క్యామ్‌కీ సిలిండర్ గోడలకీ మిగిలిన పల్చటి పొరే దిక్కు. పెట్రోల్ ఇంజన్ వేడెక్కేలోపు అదనంగా పెట్రోల్ తీసుకుంటుంది. అందులో కొంత సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడుగుతూ సంపులోకి దిగుతుంది. ఇంధనం మండినప్పుడు పుట్టే నీటి ఆవిరిలో కొంత కూడా అక్కడికే చేరుతుంది. ఇంజన్ బాగా కాగి ఓ అరగంట నడిస్తే ఆ నీరూ పెట్రోలూ ఆవిరై పోతాయి. పిల్లల్ని రెండు కిలోమీటర్ల దూరంలో బడి దగ్గర దించి వచ్చేసే కారుకి ఆ అవకాశమే రాదు. దాని ఆయిల్ నీళ్ళతో, పెట్రోల్‌తో, మసితో చిక్కబడి లోపల జిగురవుతుంది. టాక్సీగా మూడు, నాలుగు లక్షలు తిరిగిన ఇన్నోవాలు తలుపులు ఊగిపోతున్నా ఇంజన్ మాత్రం గట్టిగా ఉండడం, డాక్టరుగారి ఇంట్లో 60 వేలు తిరిగిన చిన్న కారు పొగ పట్టడం ఇందువల్లే.

సెకండ్ హ్యాండ్‌లో కొన్నవారికైతే మీటరు మీద నమ్మకం ఎలాగూ పెట్టుకోవద్దు. అంకెలు వెనక్కి తిప్పడం మన బజారులో కొత్తేమీ కాదు.

మేస్త్రి దగ్గరికి వెళ్ళేముందు ఒక నోటు పుస్తకం

ఇంజన్ మీద అనుమానం రాగానే షెడ్డుకి పరుగెత్తకండి. ఇంజన్ విప్పితే మేస్త్రికి పది రోజుల పని. విప్పమని చెప్పడంలో ఆయన దురుద్దేశం ఉండనక్కర్లేదు, ఆయన చేతిలో ఉన్న విద్య అది. మీ చేతిలో ఉండాల్సింది కొలత. ఒక నెలో రెండు నెలలో ఆయిల్ కొలిచి రాసుకోండి.

కొలవడానికీ ఒక పద్ధతుంది. కారు చదునైన చోట ఉండాలి, రాత్రంతా ఆగి ఉండాలి. డిప్‌స్టిక్ తీసి, పీచు రాలని పాత నూలు గుడ్డతో తుడిచి, మళ్ళీ అడుగుదాకా దించి, తీసి చూడండి. మొదటిసారి తీసినప్పుడు చూసిన గీత నమ్మొద్దు, గొట్టం గోడలకి అంటిన ఆయిల్ దాన్ని చెరిపేస్తుంది. రెండో చూపే లెక్క. చాలా కార్లలో కింది గుర్తుకీ పై గుర్తుకీ మధ్య తేడా సుమారు ఒక లీటరు. ఆ తేదీ, మీటరు అంకె, గీత ఎక్కడుందో రాయండి. అలాగే ఆయిల్ పోసే మూత తీసి అడుగు వైపు చూడండి. అక్కడ లేత గోధుమరంగు నురగలాంటి జిగురు ఉంటే నీరు కలుస్తోందని అర్థం. చలికాలంలో చిన్న ప్రయాణాలే చేసే కారుకి అది కొద్దిగా ఉండడం మామూలే. రేడియేటర్‌లో నీళ్ళు కూడా తగ్గుతుంటే మాత్రం హెడ్ గ్యాస్కెట్‌ని అనుమానించాలి.

పొగ రంగు కూడా రాసుకోండి. పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి నీలం పొగ వచ్చి, కాసేపటికి ఆగిపోతే అది చాలావరకు వాల్వు సీళ్ళ పని. ఆ సీళ్ళు అరచేతిలో ఇమిడే రబ్బరు ముక్కలు. వాటిని చాలా ఇంజన్లలో హెడ్ దించకుండానే మార్చగల మేస్త్రీలున్నారు. ఎప్పుడు యాక్సిలరేటర్ తొక్కినా నీలం పొగ వస్తూనే ఉంటే రింగులు, బోరు. నల్ల పొగ అయితే ఇంజన్ అరుగుదల సంగతే కాకపోవచ్చు. ఎయిర్ ఫిల్టరు, ఇంజెక్టర్లు, టర్బో గొట్టాల్లో లీకు, ఇవన్నీ చూశాకే మిగతాది. తెల్లటి పొగ ఇంజన్ కాగాక కూడా ఆగకుండా, కాస్త తియ్యటి వాసనతో వస్తే కూలెంట్ లోపల కాలుతోంది.

ఆయిల్ తగ్గుతోందంటే రింగులే పోయాయని తీర్మానం చేసేవాళ్ళు మరచిపోయే వస్తువొకటుంది. పీసీవీ వాల్వు. క్రాంక్ గదిలో చేరే ఆవిర్లని తిరిగి గాలి గొట్టంలోకి పంపే చిన్న వాల్వు అది. మసి పట్టి బిగుసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, ఆయిల్ సీళ్ళ నుంచి కారుతుంది, గాలితో పాటు సిలిండర్లలోకీ వెళ్ళి కాలుతుంది. లక్షణాలన్నీ అరిగిన ఇంజన్‌వే, వైద్యం మాత్రం కొన్ని వందల రూపాయలు. డీజిల్ కారైతే టర్బో సీలు కూడా ఇలాగే ఆయిల్ తాగుతుంది, నింద మాత్రం పిస్టన్ మీద పడుతుంది.

పుస్తకం నిండాక అప్పుడు షెడ్డుకి వెళ్ళండి. విప్పమని కాదు, కంప్రెషన్ చూడమని అడగండి. ఇంజన్ కాగి ఉండాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి, పెట్రోల్ కారైతే ప్లగ్గులన్నీ తీసేసి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకోవాలి. మామూలు పెట్రోల్ ఇంజన్‌కి 150 నుంచి 200 పీఎస్ఐ మధ్య, డీజిల్‌కి 350 పైన వస్తే సంతోషించొచ్చు. అసలు అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. అన్నీ కొద్దిగా తగ్గి ఒకేలా ఉన్న ఇంజన్ ఇంకా చాలా కాలం నడుస్తుంది. ఒక్కటి మాత్రం మిగతావాటి కంటే బాగా తక్కువ చూపిస్తే, ఆ ప్లగ్గు కన్నంలో ఒక చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ కొలవమనండి. అంకె పెరిగితే అరిగింది రింగులు లేదా బోరు. పెరగకపోతే వాల్వు గానీ గ్యాస్కెట్ గానీ. ఈ ఒక్క పరీక్షతో వేలు ఖర్చయ్యే పనీ, లక్ష దాకా పోయే పనీ వేరుపడతాయి. డీజిల్ ఇంజన్‌కి మాత్రం ఈ ఆయిల్ పోసే పరీక్ష చేయొద్దు. అక్కడ ఒత్తిడికే ఆయిల్ అంటుకునే ప్రమాదం ఉంది.

ఆయిల్ ప్రెషర్ కూడా కొలిపించండి. డాష్‌బోర్డులో ఎర్ర దీపం వెలిగేసరికి చాలా ఆలస్యమైపోయి ఉంటుంది. ప్రెషర్ స్విచ్ విప్పి ఆ కన్నంలో గేజ్ బిగిస్తే, కాగిన ఇంజన్‌లో ప్రతి వెయ్యి ఆర్పీఎంకి సుమారు 10 పీఎస్ఐ ఉండాలని మేస్త్రీలకి ఒక మోటు లెక్క ఉంది. అది ఉంటే కింది భాగం, అంటే క్రాంకూ బేరింగులూ బాగున్నట్టే.

తాగుతోందా, తాగనివ్వండి

ఇది వినగానే కోప్పడేవాళ్ళున్నారు. అయినా నా మాట ఇదే. కంప్రెషన్ సమంగా ఉండి, ప్రెషర్ బాగుండి, కంటికి కనిపించే పొగ లేకుండా ఇంజన్ 2,000 కిలోమీటర్లకి ఒక లీటరు ఆయిల్ తాగుతుంటే పోస్తూ ఉండండి. ఏడాదికి 10,000 తిరిగే కారుకి అది అయిదు లీటర్లు. లీటరు 500 రూపాయలనుకున్నా 2,500. ఇంజన్ పనికి 60 వేలవుతుందనుకుంటే, ఆ డబ్బు 24 ఏళ్ళ ఆయిల్‌కి సరిపోతుంది. వెయ్యి కిలోమీటర్లకి లీటరు దాకా తాగినా మామూలేనని చెప్పే కంపెనీలు కూడా ఉన్నాయి.

షరతు ఒక్కటే, గీత కింది గుర్తు దాటనివ్వకూడదు. ఆయిల్ తాగడం వల్ల చెడిపోయే ఇంజన్ల కంటే, తాగుతోందని తెలియక ఆయిల్ అయిపోయి పట్టేసిన ఇంజన్లే ఎక్కువ. ఇంకొకటి కూడా చెప్పాలి. మీ వెనక స్కూటర్ మీద వచ్చేవాడి ముఖాన నీలం పొగ కొడుతుంటే ఈ లెక్కలేవీ చెల్లవు. కాలిన ఆయిల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేస్తుంది, అది పీల్చేవాళ్ళ ఊపిరితిత్తుల సంగతి వేరే చెప్పక్కర్లేదు. పొల్యూషన్ సర్టిఫికెట్ ఎలాగోలా వచ్చినా సరే, అప్పుడు మాత్రం ఇంజన్ విప్పించాలి.

ఈలోపు మీకు ఉచితంగా దొరికే చిట్కాలు మూడింటిని దగ్గరికి రానివ్వకండి.

మొదటిది, చిక్కటి ఆయిల్ పోయడం. పాత ఇంజన్ కదా, 20డబ్ల్యూ-50 పోస్తే శబ్దం తగ్గుతుందంటారు. తగ్గుతుంది కూడా. పాత అంబాసిడర్‌కి అది సరైనదే. కానీ మన రోడ్ల మీద లక్షల్లో తిరిగిన 1,248 సీసీ మల్టీజెట్ డీజిల్ సంగతి వేరు. స్విఫ్ట్ డిజైర్ మొదలుకొని విస్టా దాకా చాలా కార్లలో ఉన్నదదే. దాని టైమింగ్ చెయిన్ బిగువు ఆయిల్ ఒత్తిడి మీదే నిలుస్తుంది. వాల్వుల సందుని సర్దేది కూడా ఆయిలే. చిక్కటి ఆయిల్ పొద్దున పూట అక్కడికి ఆలస్యంగా చేరుతుంది. ఆ ఆలస్యంలో చెయిన్ కొట్టుకుంటుంది. మాన్యువల్లో రాసిన గ్రేడే పోయాలి. తప్పదనుకుంటే అదే మాన్యువల్ ఒప్పుకున్నంతలో ఒక్క మెట్టు పైకి వెళ్ళొచ్చు.

రెండోది, థర్మోస్టాట్ వాల్వు తీసేయడం. "మన ఎండలకి అదెందుకు సార్, తీసేస్తే ఇంజన్ చల్లగా ఉంటుంది." కోస్తాలో ఈ మాట వినని కారు యజమాని ఉండడేమో. ఇంజన్ చల్లగా ఉండకూడదు, సరైన వేడిలో ఉండాలి. థర్మోస్టాట్ లేని ఇంజన్ వేడెక్కడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, ఆయిల్‌లో చేరిన నీరు పోదు. ఇంజన్ వేడెక్కిపోతుంటే రేడియేటర్, ఫ్యాను, వాటర్ పంపు చూడాలి. రేడియేటర్‌లో కుళాయి నీళ్ళు పోసే అలవాటు మానేసి కూలెంట్ పోయాలి. బోరు నీళ్ళలో ఉండే ఉప్పూ సున్నం లోపలి దారుల్ని మూసేస్తాయి.

మూడోది, ఏళ్ళ తరబడి జిగురు పట్టిన ఇంజన్‌లో ఫ్లష్ పోసి ఒక్కసారిగా కడిగేయడం. ఊడిన జిగురు వెళ్ళి ఆయిల్ పంపు జల్లెడకి అడ్డం పడితే పైభాగానికి ఆయిలే అందదు. దానికి బదులు మంచి ఆయిల్ పోసి, రెండు మూడుసార్లు సగం గడువుకే ఫిల్టర్‌తో సహా మార్చండి. నెమ్మదిగా అదే శుభ్రపడుతుంది.

టైమింగ్ బెల్టు ఉన్న కారైతే ఇవన్నీ పక్కనపెట్టి ముందు అది ఎప్పుడు మార్చారో చూసుకోండి. ఎప్పుడో తెలియకపోతే మార్చనట్టే లెక్క. చాలా ఇంజన్లలో అది తెగితే పిస్టన్లు వాల్వుల్ని గుద్దుతాయి, ఆ తర్వాత ఈ వ్యాసంతో మీకు పనుండదు.

విప్పితే సగం విప్పొద్దు

ఇక అసలు విషయం. కొలతలన్నీ అయ్యాయి, రింగులు పోయాయని తేలింది, లేదా కింది నుంచి టకటకమని బేరింగు శబ్దం వస్తోంది. ఇప్పుడు మేస్త్రి రెండు దారులు చూపిస్తాడు. "హాఫ్ ఇంజన్ చేద్దాం, రింగులు వేసి వాల్వులు రుద్దిస్తే చాలు" అనేది ఒకటి. ఫుల్ ఇంజన్ రెండోది. కారు విలువే అంతంత మాత్రం కాబట్టి మొదటిదానికే అందరూ తలూపుతారు. నేను రెండోదే చేయించమంటాను, లేదా అసలు ముట్టుకోవద్దంటాను. మధ్యదారిలోనే డబ్బు వృథా అవుతుంది.

ఎందుకో లేత్ షాపులో నిలబడి చూస్తే తెలుస్తుంది. మీరూ వెళ్ళండి. బ్లాకుని మేస్త్రి చేతికిచ్చి ఇంటికి వచ్చేయకండి. విజయవాడ ఆటోనగర్‌లోనో, మీ జిల్లా కేంద్రంలోనో బోరింగ్ మెషిన్ ఉన్న షాపుంటుంది. కిరోసిన్‌తో కడిగిన బ్లాకుని బల్ల మీద పెట్టాక, సిలిండర్ పై అంచు నుంచి కిందికి గోరు పెట్టి జరపండి. కొద్ది దూరంలో గోరుకి ఒక మెట్టు తగులుతుంది. పై రింగు తిరిగే హద్దు అదే. దాని పైన ఇనుము అరగలేదు, కింద అరిగింది. అరిగిన చోట సిలిండర్ గుండ్రంగా కూడా ఉండదు, పిస్టన్ పక్కకి ఒరిగి నెట్టే వైపు ఎక్కువ అరుగుతుంది. అలాంటి కోలగుడ్డు బోరులో గుండ్రటి కొత్త రింగులు వేస్తే అవి గోడకి అన్ని వైపులా ఎలా ఆనుతాయి? కొన్నాళ్ళు బాగుంటుంది, మళ్ళీ పొగ మొదలవుతుంది. పైగా కొత్త పై రింగు ఆ మెట్టుకి తగిలి విరిగే ప్రమాదమూ ఉంది.

అనుభవమున్న లేత్ మేస్త్రి బోర్ గేజ్ దించి పైన, మధ్యన, కింద కొలుస్తాడు. ప్రతిచోటా అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి. సిలిండర్‌కి ఆరు అంకెలు. ఆ ఆరూ కాగితం మీద రాయించుకోండి. మారుతి 800 ఇంజన్‌నే చూడండి. 796 సీసీ, మూడు సిలిండర్లు, బోరు 68.5 మిల్లీమీటర్లు. ఇంత చిన్న బోరులో మిల్లీమీటరులో పదో వంతు తేడా వచ్చిందంటే బోరు తీయించి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేయాల్సిందే. అవి 0.25, 0.50 సైజుల్లో దొరుకుతాయి. ముందు పిస్టన్లు కొని తెచ్చి, వాటిని కొలిచి, వాటికి తగ్గట్టు బోరు తీయాలి. బోరు తీసేసి పిస్టన్ల కోసం వెతికే పని పెట్టుకోవద్దు. ఒక్కోసారి దీనికి పూర్తిగా ఎదురూ జరుగుతుంది. రెండు లక్షలు తిరిగిన బ్లాకులో కంపెనీ వేసిన హోనింగ్ గీతలు, ఆయిల్‌ని పట్టి ఉంచే ఆ అడ్డదిడ్డపు సన్నగీతలు, ఇంకా కనిపిస్తుంటాయి. గేజ్ కూడా తేడా లేదంటుంది. అప్పుడు బోరు తీయించొద్దు. తేలిగ్గా హోనింగ్ చేసి, అదే సైజు రింగులు చాలు. "ఎలాగూ విప్పాం కదా" అని ఆరోగ్యంగా ఉన్న ఇనుముని కోయడం తప్పు.

హెడ్ కూడా అంతే. స్కేలు ఆనించి ఫీలర్ గేజ్‌తో వంపు చూడాలి, వంపు ఉంటే ఫేసింగ్. వాల్వు గైడ్లలో ఊగులాట చూసి, సీట్లు రుద్దాక, హెడ్ తిరగేసి వాల్వుల మీద కిరోసిన్ పోసి కాసేపు ఉంచాలి. పోర్టులోకి చుక్క దిగకపోతేనే పని అయినట్టు. క్రాంక్ జర్నల్స్‌ని మైక్రోమీటర్‌తో కొలవాలి. పాత బేరింగుల బూడిదరంగు పూత పోయి రాగి రంగు బయటపడిందంటే గ్రైండింగ్ తప్పదేమో చూడాలి. ఆయిల్ పంపు కొత్తది వేయండి. డీజిల్ అయితే ఇంజెక్టర్లు బెంచి మీద పరీక్ష చేయించకుండా ఇంజన్ బిగించనివ్వొద్దు. కారే ఇంజెక్టర్ కొత్త పిస్టన్ నెత్తిని కాల్చేస్తుంది. వాటర్ పంపు, థర్మోస్టాట్, గొట్టాలు, ఇంజన్ మౌంట్లు, క్లచ్ ప్లేటు కూడా ఇప్పుడే మార్చాలి. గేర్‌బాక్స్ ఎలాగూ దిగింది, కూలి కలిసొస్తుంది. పెట్రోల్ కారుకి ఫ్యూయెల్ గొట్టాలు తప్పనిసరి. 2025 నాటికి దేశమంతటా బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే వస్తోంది, పాత కార్ల రబ్బరు దానికోసం తయారైంది కాదు.

బిగించేటప్పుడు టార్క్ రెంచి ఉన్న షెడ్డులోనే బిగించండి. చేతి అంచనాతో హెడ్ బోల్టులు బిగించే మేస్త్రి ఎంత పేరున్నవాడైనా సరే, వద్దు. తీసిన పాత సామాన్లన్నీ సంచిలో వేసి ఇమ్మనండి. అది అనుమానం కాదు, పద్ధతి.

ఇప్పుడు డబ్బు మాట. "యాభై వేలు కూడా రాని కారుకి డెబ్భై వేలు పెడతావా?" ఈ ప్రశ్నకి జవాబు లేదనుకుని చాలామంది తలదించుకుంటారు. జవాబుంది. మీరు ఆ కారుని అమ్మబోవడం లేదు. అమ్మని వస్తువుకి బజారు ధరతో పనేముంది? పోల్చాల్సింది, అది లేకపోతే మీరు పెట్టాల్సిన ఖర్చుతో. కొత్త కారు కోసం 8 లక్షలు అప్పు తీసుకుంటే, 9 శాతం వడ్డీకి అయిదేళ్ళపాటు నెలకి దాదాపు 16,600 కట్టాలి. అందులో వడ్డీ ఒక్కటే 1 లక్షా 96 వేలు. ఆ డెబ్భై వేల ఇంజన్ పని కొత్త కారు మొదటి అయిదు నెలల వాయిదాలు దాటదు. మీ కారు బాడీ, గేర్‌బాక్స్, సస్పెన్షన్ సంగతి మీకు తెలుసు. సెకండ్ హ్యాండ్‌లో ఇంకో కారు కొంటే దాని ఇంజన్ ఎలాంటిదో కూడా తెలియదు.

న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లో అర్వ్ గార్డన్ అనే బడి మాస్టారు 1966లో ఒక వోల్వో పీ1800 కొన్నారు. 2013లో అలాస్కాలో ఆ కారు 30 లక్షల మైళ్ళు దాటింది. దాదాపు 6 లక్షల 80 వేల మైళ్ళ దగ్గర ఇంజన్ విప్పి పూర్తిగా బాగుచేయించారు. అప్పటికి ఆ కారుకి బజారు ధర ఎంతని ఆయన లెక్కేసుకుని ఉంటే కథ అక్కడితో అయిపోయేది. ఆయన రహస్యమల్లా మాన్యువల్లో రాసినట్టు చేయడం, వేళకి ఆయిల్ మార్చడం.

"15 ఏళ్ళయితే తుక్కేగా" అనేవాళ్ళకీ ఒక మాట. పదేళ్ళ డీజిల్, 15 ఏళ్ళ పెట్రోల్ కార్లపై ఆంక్షలు ఢిల్లీ ప్రాంతానివి, జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశాల నుంచి వచ్చినవి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో సొంత కారు ఆర్సీ 15 ఏళ్ళు నిండాక ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్ళ చొప్పున పొడిగించుకోవచ్చు. 2022 ఏప్రిల్‌లో దాని ఫీజు 600 నుంచి 5,000కి పెరిగింది, గ్రీన్ ట్యాక్స్ అదనం. ఇంజన్ పనికి డబ్బు తీసేముందు ఆర్సీ గడువు చూసుకుని ఈ ఖర్చునీ కలుపుకోండి.

సెకండ్ హ్యాండ్ ఇంజన్ వద్దు

రెండ్రోజుల్లో అయిపోతుంది, రీకండిషన్ కంటే చవక, "యాక్సిడెంట్ బండిలోది సార్, 40 వేలే తిరిగింది." ఈ మూడు మాటలకి లొంగొద్దు. ఆ 40 వేలకి రుజువు లేదు. అమెరికాలో ఉన్న మనవాళ్ళు స్క్రాప్ యార్డు ఇంజన్ వేయించుకున్నామని చెప్తారు, అక్కడ అది సబబే. అక్కడ మెకానిక్ గంట కూలి అంతా ఇంతా కాదు, పాత ఇంజన్ విప్పి కొలిచి బిగించేంత సమయం కొనడం కంటే ఇంకో ఇంజన్ దించడమే చవక. మన దగ్గర లెక్క తిరగబడింది. ఇక్కడ సామాను ఖరీదు, మనిషి పనితనం అందుబాటు. బోరు తీయగలిగిన, క్రాంక్ గ్రైండ్ చేయగలిగిన చేతులు ప్రతి జిల్లాలో ఉన్నాయి. వాటిని వదిలేసి తెలియని ఇంజన్ తెచ్చుకోవడం నాకు అర్థం కాదు.

చట్టం చిక్కు కూడా ఉంది. ఇంజన్ మారితే నంబరు మారుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం 14 రోజుల్లోగా ఆర్టీవో ఆఫీసులో తెలిపి ఆర్సీలో మార్పించుకోవాలి. దానికి ఆ ఇంజన్ ఎక్కడిదో చెప్పే బిల్లు కావాలి. బిల్లు లేని ఇంజన్ దొంగబండిది కాదని మీరెలా చెప్పగలరు? రేపు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ సర్వేయర్ ముందుగా చూసేది ఆ నంబరే. బ్లాకు పగిలిపోయి వేరే దారి లేనప్పుడే దీని గురించి ఆలోచించండి. అప్పుడు కూడా కంప్రెషన్ చూడకుండా, బిల్లు లేకుండా డబ్బివ్వొద్దు.

బిగించిన రోజు

కొత్తగా బిగించిన ఇంజన్‌ని రాత్రంతా స్లోలో ఉంచమనే షెడ్లున్నాయి. అది చేయొద్దు. కొత్త రింగులు గోడకి కుదురుకోవాలంటే వాటి వెనక మంట ఒత్తిడి ఉండాలి. స్లోలో ఆ ఒత్తిడి ఉండదు, గోడలు నునుపుదేలి రింగులు సరిగా కుదురుకోవు. ఆయిల్ ప్రెషర్ వచ్చిందా, ఎక్కడైనా కారుతోందా, నీళ్ళ వేడి నిలకడగా ఉందా, ఇవి చూసేంతసేపు ఉంచి రోడ్డెక్కించండి. ఒకే వేగంతో కాకుండా పెంచుతూ తగ్గిస్తూ నడపండి, మొదట్లో ఎక్కువ బరువు వేయొద్దు, ఇంజన్‌ని అరిపించొద్దు. 500 కిలోమీటర్లకి ఆయిలూ ఫిల్టరూ మార్చి, పాత ఫిల్టర్ కోసి మడతల్లో చూడండి. సన్నటి మెరుపు పొడి మామూలే. గోరుకి తగిలే ముక్కలుంటే వెంటనే షెడ్డుకి వెళ్ళాలి. మళ్ళీ వెయ్యి దగ్గర ఇంకోసారి మార్చండి.

వదులుకోవాల్సిన కారు

ఇంజన్ ఎంత బాగున్నా కొన్ని కార్లని వదులుకోవాలి. ఛాసిస్‌కి తుప్పు పట్టి సస్పెన్షన్ బిగించే చోట ఇనుము పొరలుగా ఊడుతుంటే, సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఇది తరచూ చూస్తాం, ఇంజన్ మీద రూపాయి కూడా పెట్టొద్దు. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ మన దేశంలో తప్పనిసరి అయింది 2019 జూలై నుంచే. ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ లేని పాత కారులో పిల్లల్ని కూర్చోబెట్టుకుని నెలనెలా హైవే మీద వెళ్ళేవాళ్ళుంటే, వాళ్ళు కారు మార్చడమే మంచిది. ఆ నిర్ణయానికీ ఇంజన్‌కీ సంబంధం లేదు. ఊళ్ళో తిరగడానికి అదే కారు ఉంచుకోవచ్చు.

వదిలేసేటప్పుడు నంబరు ప్లేటుతో సహా తుక్కు బేరగాడికి అమ్మేసి రాకండి. ప్రభుత్వ అనుమతి ఉన్న స్క్రాపింగ్ కేంద్రంలో ఇస్తే డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. దానితో పాత ఆర్సీ రద్దవుతుంది, కొత్తగా కొనే సొంత కారు రోడ్ ట్యాక్స్‌లో 25 శాతం దాకా రాయితీకి కేంద్ర నిబంధనల్లో వీలుంది. మీ రాష్ట్రంలో అది ఎంత ఇస్తున్నారో ముందు ఆర్టీవో ఆఫీసులో కనుక్కుని, సర్టిఫికెట్ చేతికొచ్చాకే కొత్త కారు రిజిస్ట్రేషన్‌కి వెళ్ళండి.